వెన్నెముక భారం దించే చిన్నకోత ఇంప్లాంట్లు

విశాఖపట్నం జిల్లా పద్మనాభంలో అనంతపద్మనాభస్వామి కొండకు దాదాపు 1,300 మెట్లున్నాయి. కార్తీక బహుళ అమావాస్యనాడు కింది నుంచి పైదాకా మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆ సాయంత్రం అక్కడే ఉంటాయి. నడుము జబ్బులు తెలిసినవాళ్లకు ఆ మెట్ల దగ్గర ఒక సంగతి కనబడుతుంది. పెద్ద వయసువాళ్లలో కొందరు ముందుకు వంగి, తొడల మీద చేతులు ఆన్చి, మెల్లగానైనా ఎక్కేస్తారు. వాళ్ల అవస్థంతా దిగేటప్పుడే. కాసిని మెట్లు దిగేసరికి పిర్రల నుంచి పిక్కల దాకా లాగుడు, అరికాళ్లలో తిమ్మిరి. మెట్టు మీద కూర్చుని ముందుకు వాలితే కాసేపట్లో అంతా సర్దుకుంటుంది. లేచి దిగడం మొదలుపెడితే మళ్లీ అదే బాధ.

మోకాళ్లు అరిగినవాళ్లకూ దిగడం కష్టమే. కానీ వాళ్లకు నొప్పి మోకాలి దగ్గరే ఉంటుంది, నడుము వంచినంత మాత్రాన పోదు. వంగితే పోయే లాగుడుకు మూలం నడుములో ఉంది. దిగేటప్పుడు ముందుకు పడిపోకుండా మనిషి ఒళ్లు వెనక్కి వాలుస్తాడు. దాంతో నడుము వెనక్కి విరుచుకుంటుంది, పూసల మధ్య నరాలు నడిచే దారి ఇరుకవుతుంది. వెన్నెముక మీది భారాన్ని తగ్గించడానికి చిన్న కోతతో అమర్చే ఇంప్లాంట్లలో పేరు మోసినవి చాలావరకు ఈ ఒక్క గమనిక మీద పుట్టినవే. ఆ ఒక్క చోట నడుమును వెనక్కి విరుచుకోనీయకుండా ఆపితే చాలునన్నది వాటి వెనకున్న ఆలోచన. వంగితే ఎవరి నొప్పి తగ్గుతుందో వాళ్లకే అవి పనికొస్తాయన్నది దానితో వచ్చిన షరతు. ఈ పరికరాల డెబ్భై ఏళ్ల చరిత్రలో గెలుపోటములు చాలావరకు ఆ షరతును ఎంతగా పాటించారన్న దాని మీదే నడిచాయి.

భారం ఎటు పడుతుంది

నడుములో ఐదు పూసలుంటాయి. ఒక్కో పూసకు ముందువైపు గుండ్రటి దిమ్మ, వెనకవైపు ఎముక కమాను, ఆ కమాను నుంచి వీపు వైపు పొడుచుకొచ్చిన ముల్లు ఉంటాయి. వంగినప్పుడు వీపును తడిమితే వరసగా తగిలే బొడిపెలు ఈ వెన్నుముళ్లే. దిమ్మకూ దిమ్మకూ మధ్య డిస్కు, వెనక రెండు పక్కలా ఫాసెట్ కీళ్లు. దిమ్మకూ కమానుకూ నడుమనున్న సందులోంచి నరాలు కాళ్లలోకి దిగుతాయి. నిలబడినప్పుడు బరువులో పెద్ద వాటా డిస్కుది, మిగిలింది ఫాసెట్ కీళ్లది. డిస్కు ఎండిపోయి ఎత్తు తగ్గేకొద్దీ ఆ కీళ్ల వాటా పెరుగుతుంది. అవి అరిగి ఉబ్బుతాయి. వాటిని ఆనుకున్న పసుపు లిగమెంటు మందమై లోపలికి మడత పడుతుంది. నరాల దారి అన్నివైపుల నుంచీ మూసుకొస్తుంది.

డిస్కు ఎంత ఒత్తిడి మోస్తుందో 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ సూదిని డిస్కులోకి పంపి కొలిచారు. జర్మనీలోని ఉల్మ్‌లో విల్కె బృందం 1999లో ప్రచురించిన కొలతలు ఇంకా వివరంగా ఉన్నాయి. ఆ ప్రయోగంలో పాల్గొన్నది ఒకే ఒక్క ఆరోగ్యవంతుడు, కాబట్టి అంకెలను అందరికీ యథాతథంగా అంటగట్టకూడదు. వాటి మధ్య తేడాలు మాత్రం చూడదగ్గవి. పడుకున్నప్పుడు నడుము డిస్కులో 0.1 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి నిలబడేసరికి 0.5 అయింది. 20 కిలోల బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుంటే 1.1. అదే బరువును మోకాళ్లు వంచి నేల మీంచి లేపితే 1.7. మోకాళ్లు వంచకుండా నడుము గుండ్రంగా వంచి లేపితే 2.3. బరువు మారలేదు, మనిషి మారలేదు. ఎత్తిన తీరొక్కటే మారింది.

విశాఖ ప్రాంతంలో ఈ అంకెలను చదివి ఊరుకోవడం కష్టం. 1933లో రేవు తెరిచిన నాటి నుంచీ ఈ ఊరు మోతల మీద బతికింది. రేవులో యంత్రాలు వచ్చాక కూడా గోదాముల్లో, రైల్వే గూడ్సుషెడ్లలో, రైతుబజార్ల దగ్గర బస్తాలు ఎత్తేది కళాసీలే. సిమెంటు బస్తా 50 కిలోలు, బియ్యం బస్తా కూడా సాధారణంగా అంతే. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా చేత్తో ఎత్తే బరువు 23 కిలోలు దాటకూడదని 1991 సూత్రంలో పెట్టింది. మోత మోయకపోయినా వెన్నుకు విశ్రాంతి లేని పనులున్నాయి. రేవు, ఉక్కు కర్మాగారాల చుట్టూ తిరిగే లారీల్లో, డంపర్లలో కూర్చున్న డ్రైవరు ఒంట్లోకి బండి కుదుపులు ఎక్కుతాయి. సెకనుకు నాలుగైదు సార్లు వచ్చే కుదుపుకు కూర్చున్న మనిషి వెన్నెముక మరీ ఎక్కువగా ఊగుతుంది. భారీ వాహనాల సీటు కింద వచ్చే కుదుపులు చాలావరకు ఆ దాపునే ఉంటాయి.

పద్మనాభం మండలం వైపు వస్తే పని వేరు. నాట్ల రోజుల్లో ఆడవాళ్లు గంటల తరబడి నడుము వంచే ఉంటారు. వంగిన నడుము డిస్కును నలుపుతుంది, అదే సమయంలో వెనకున్న నరాల దారిని తెరుస్తుంది. ఇరవై ముప్ఫై ఏళ్ల పాటు వంగి చేసిన పనికి డిస్కులు అరిగాక, అరవయ్యో ఏట అదే మనిషికి వంగి ఉంటేనే హాయిగా ఉంటుంది. నిటారుగా నిలబడి నడవడమే భారమవుతుంది. వెన్ను మీది భారమంటే ఒకటే బరువు కాదు. ముందువైపు డిస్కు మీద పడేది ఒకటి, వెనకవైపు కీళ్ల మీదా నరాల మీదా పడేది ఇంకొకటి. ఒకదాన్ని దించే భంగిమ రెండోదాన్ని పెంచుతుంది. ఇంప్లాంట్ల గురించి చదివేటప్పుడు ఈ రెంటినీ విడివిడిగా పట్టుకోకపోతే ఏ ప్రకటనైనా నమ్మబుద్ధేస్తుంది.

వంగితే తగ్గే నొప్పి

నడిస్తే కాళ్లు లాగి, ఆగి కూర్చుంటే తగ్గే ఈ లక్షణానికీ నడుము దగ్గరి ఇరుకు దారికీ ఉన్న సంబంధాన్ని స్పష్టంగా చూపించినవాడు డచ్ న్యూరోసర్జన్ హెంక్ వెర్బీస్ట్. ఆయన 1954లో రాసిన వ్యాసంతో స్పైనల్ స్టెనోసిస్ అనే జబ్బుకు వైద్యంలో చోటు స్థిరపడింది. ఆ దశాబ్దంలోనే విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో డాక్టర్ ఎస్. బాలపరమేశ్వరరావు న్యూరోసర్జరీకి పునాది వేశారు. 1923లో మొదలైన కేజీహెచ్ అప్పటికే ఉత్తరాంధ్రకంతటికీ పెద్దాసుపత్రి.

ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన రోగి ఈ జబ్బును చెప్పే తీరు పాఠ్యపుస్తకం కంటే సూటిగా ఉంటుంది: ‘నడిస్తే కాళ్లు లాగేస్తన్నాయి బాబూ, కూకుంటే తగ్గిపోతాది.’ ఈ ఒక్క మాట ఎమ్మారై ఫిల్ము కంటే ముందు వినాలి. ఎందుకంటే అరవై దాటినవాళ్లలో ఏ బాధా లేనివాళ్లకు ఎమ్మారై తీసినా చాలామందిలో ఇరుకు కనబడుతుంది. ఫిల్ములో ఇరుకు, మనిషిలో ఈ లక్షణం, రెండూ ఒకే పూస దగ్గర కలిస్తేనే అది వైద్యం చెయ్యాల్సిన ఇరుకు.

ఇంకో జబ్బును కూడా ముందే పక్కకు తీసెయ్యాలి. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే పిక్కలు లాగుతాయి, ఆగితే తగ్గుతాయి. పొగాకు దానికి పెద్ద కారణం. చుట్టను మండే కొస నోట్లో పెట్టి అడ్డపొగ పీల్చే అలవాటు విశాఖ, శ్రీకాకుళం పల్లెల ఆడవాళ్లలో తరతరాలుగా ఉన్నదే. కాబట్టి ఇక్కడి డాక్టరు ఈ అనుమానాన్ని తేలిగ్గా తీసెయ్యలేడు. తేడా పట్టడానికి ఖరీదైన పరీక్షలేవీ అక్కర్లేదు. పాదం మీద నాడి అందుతోందా చూడాలి. సైకిలు తొక్కగలరా అని అడగాలి. ముందుకు వంగి సైకిలు తొక్కేటప్పుడు నరాల దారి తెరిచే ఉంటుంది కాబట్టి నడవలేని స్టెనోసిస్ రోగి మైళ్ల దూరం సైకిలు మీద వెళ్లగలడు. రక్తం అందని కాలికి సైకిలైనా నడకైనా ఒకటే.

వెన్నుముళ్ల మధ్య ఆసరా

స్టెనోసిస్‌కు పాతకాలపు ఆపరేషన్ లామినెక్టమీ. వెనక కమానును, మందమైన లిగమెంటును తీసేసి నరాలకు చోటు చేస్తారు. పూసలు కదిలిపోతున్నాయని అనుమానమొస్తే స్క్రూలు, రాడ్లు వేసి అతికించేస్తారు. పూసలను అతికించే పద్ధతి 1911లో న్యూయార్కులో రసెల్ హిబ్స్, ఫ్రెడ్ ఆల్బీ విడివిడిగా మొదలుపెట్టినది. అతికించాక ఆ చోట నొప్పి తగ్గొచ్చు కానీ, కదలిక ఆగిన పూసకు పైనా కిందా ఉన్న డిస్కులు ఆ పని కూడా తామే చెయ్యాల్సివచ్చి త్వరగా అరుగుతాయన్న భయం వెంటాడుతూనే ఉంది. పైగా చాలాసేపు మత్తు, రక్తనష్టం. గుండెజబ్బో చక్కెరజబ్బో ఉన్న డెబ్భై ఏళ్ల మనిషికి అది చిన్న విషయం కాదు. ఎముకను కోయకుండా, పూసలను అతికించకుండా, ఆ ఒక్క చోట నడుమును కాస్త వంచి ఉంచగలమా అన్న ప్రశ్న అక్కడి నుంచి వచ్చింది.

1950లలోనే అమెరికాలో నోల్స్ అనే వైద్యుడు వెన్నుముళ్ల మధ్య లోహపు ముక్క పెట్టి చూశాడు. అది జారిపోయేది, నిలవలేదు. ఫ్రాన్సులోని బోర్డోలో జాక్ సెనెగాస్ 1980ల చివర్లో టైటానియం దిమ్మను పాలిస్టర్ పట్టీలతో వెన్నుముళ్లకు కట్టే వాలిస్ పరికరాన్ని తయారుచేశాడు. 1990లలో సమానీ అనే మరో ఫ్రెంచి సర్జన్ ఆంగ్ల ‘యు’ అక్షరం ఆకారంలో వంచిన టైటానియం రేకును తెచ్చాడు. అదే ఇప్పటి కోఫ్లెక్స్. సిలికోన్ దిమ్మకు పాలిస్టర్ తొడుగేసిన డయామ్ కూడా ఆ కాలానిదే. అందరి కంటే పేరు తెచ్చుకున్నది మాత్రం శాన్‌ఫ్రాన్సిస్కోలో జేమ్స్ జుకర్‌మన్, కెన్ షూ రూపొందించిన ఎక్స్-స్టాప్. కోడిగుడ్డు ఆకారపు టైటానియం ముక్క, రెండు పక్కలా జారకుండా రెక్కలు. అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2005 నవంబరులో దానికి అనుమతి ఇచ్చింది.

ఆ ఆపరేషన్ జరిగే తీరు దగ్గర నుంచి చూడదగ్గది. రోగిని ఒక పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిచి పడుకోబెడతారు. తనకు హాయిగా ఉండే భంగిమలోనే ఆపరేషన్ మొదలవుతుందన్నమాట. చాలామందికి పూర్తి మత్తు అక్కర్లేదు. ఆ చోట తిమ్మిరి ఇంజెక్షన్, కొంచెం మగత మందు సరిపోతాయి. సీ-ఆర్మ్ ఎక్స్‌రే తెర మీద ఏ రెండు వెన్నుముళ్ల మధ్యనో సరిచూసుకుంటారు. ఒక పూస తేడాతో పెడితే మొత్తం పని వృథా కాబట్టి ఈ లెక్కింపు ఒకటికి రెండుసార్లు చేస్తారు. చర్మం మీద చిన్న కోత. వెన్నుముళ్ల కొసలను కలిపే పై లిగమెంటును తెంపరు, పరికరం వెనక్కి జారకుండా కాపుకాసేది అదే. దాని కింద, ముళ్ల మధ్యనున్న పొరను మాత్రం చీల్చి, వెడల్పు చేసే పనిముట్టు పెట్టి మెల్లగా తెరుస్తారు. పై లిగమెంటు బిగుతుగా తగిలిన చోట ఆగి, ఆ కొలతకు సరిపడే ముక్కను ఎంచుకుంటారు. మిల్లీమీటర్లలోనే తేడాలు. ఇంకాస్త తెరుద్దామన్న ఆశ ఇక్కడ పనికిరాదు. ఎక్కువ తెరిస్తే ముల్లు విరుగుతుంది. నరాల సంచి దాకా పనిముట్టు వెళ్లనే వెళ్లదు, అదే ఈ పద్ధతికున్న పెద్ద భద్రత. 2015లో అనుమతి పొందిన సుపీరియన్ అనే పరికరానికి ఈ కోత ఇంకా చిన్నది. సన్నటి గొట్టంలోంచి మడిచిన పరికరాన్ని పంపి, లోపల రెక్కలు విప్పుతారు.

పెట్టాక ఏం మారుతుందో మృతదేహాల నడుముల మీద కొలిచి చూశారు. 2003లో స్వాన్సన్ బృందం ప్రచురించిన లెక్క ప్రకారం, ఎక్స్-స్టాప్ ఉన్న చోట నడుము వెనక్కి వంచినప్పుడు డిస్కు వెనక అంచులో ఒత్తిడి 63 శాతం, నడిమధ్యన 41 శాతం తగ్గింది. మామూలుగా నిలబడ్డ భంగిమలో ఈ తగ్గుదల 38, 20 శాతాలు. తర్వాత ఫాసెట్ కీళ్ల మీద చేసిన కొలతల్లోనూ భారం బాగానే దిగింది. ముందుకు వంగి బరువెత్తేటప్పుడు డిస్కు మీద పడే భారం మాత్రం ఈ పరికరం చేతిలో లేదు. వంగినప్పుడు ముళ్లు దూరం జరుగుతాయి, మధ్యనున్న ముక్క మీద బరువే పడదు. సిమెంటు బస్తా ఎత్తే కళాసీ డిస్కును ఎక్స్-స్టాప్ కాపాడుతుందని ఎవరైనా చెబితే అది తప్పు.

పరీక్షల్లో నిగ్గు

ఎఫ్‌డీఏ అనుమతికి ఆధారమైన అధ్యయనంలో 191 మంది రోగులున్నారు. సగానికి ఎక్స్-స్టాప్, మిగతా సగానికి మాత్రలు, వెన్నులో ఇంజెక్షన్లు, ఫిజియోథెరపీ. రెండేళ్లకు ఎక్స్-స్టాప్ వర్గంలో 73 శాతం మంది సంతృప్తిగా ఉన్నారు, రెండో వర్గంలో 36 శాతమే. ఈ తేడా చూసి సర్జన్లు ఉత్సాహపడ్డారు, కంపెనీలు అంతకంటే ఎక్కువ. 2007లో ఎక్స్-స్టాప్ హక్కులున్న చిన్న కంపెనీని కైఫాన్ అనే కంపెనీ కొంటే, అదే ఏడాది కైఫాన్‌ను మెడ్‌ట్రానిక్ కొనేసింది.

అసలు పోల్చాల్సింది దేనితో? అప్పటికే మందులకూ ఇంజెక్షన్లకూ లొంగని రోగికి మళ్లీ అవే ఇచ్చి, దానికంటే ఇంప్లాంటు మేలనడం సులువే. న్యాయమైన పోటీ నరాల మీది ఒత్తిడి తీసే మామూలు డికంప్రెషన్ ఆపరేషన్‌తో ఉండాలి. యూరపు వైద్యులు ఆ పని చేశారు. 2013లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనంలో 100 మందిని రెండు వర్గాలు చేస్తే, ఎక్స్-స్టాప్ పెట్టినవాళ్లలో 26 శాతానికి మళ్లీ ఆపరేషన్ చెయ్యాల్సివచ్చింది, డికంప్రెషన్ వర్గంలో 6 శాతానికే. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో ఎక్స్-స్టాప్‌కు బదులు కోఫ్లెక్స్‌ను, డికంప్రెషన్ లేకుండా పెట్టి 159 మంది మీద జరిపిన పరీక్షలో ఈ అంకెలు 29, 8 శాతాలు. నార్వేలో ఇలాంటి పరీక్షనే మధ్యంతర లెక్కలు చూసి నిలిపేశారు. నొప్పి తగ్గడంలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా లేదు. మళ్లీ థియేటరుకు రావడంలోనే ఉంది. రెండోసారి మత్తు, రెండోసారి ఖర్చు, రెండోసారి కూలి పోవడం. రోజు కూలి మీద బతికే ఇంటికి ఈ శాతాలు తేలిక మాటలు కావు. మెడ్‌ట్రానిక్ 2015లో ఎక్స్-స్టాప్ అమ్మకాన్ని ఆపేసింది.

అమెరికాలో కోఫ్లెక్స్ వేరే దారి పట్టింది. ముందు డికంప్రెషన్ చేసి, ఆ తర్వాత కదలిక అదుపులో ఉంచడానికి దాన్ని పెట్టడం. అక్కడ 322 మంది మీద స్క్రూలూ రాడ్లతో అతికించడంతో పోల్చి చూస్తే, కోఫ్లెక్స్ ఆపరేషన్ సగటున 98 నిమిషాల్లో పూర్తయింది, అతికింపుకు 153 నిమిషాలు పట్టింది. ఆసుపత్రిలో ఉన్నది 1.9 రోజులు, 3.2 రోజులు. 2012లో దానికి ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. కానీ 2016లో స్వీడన్ పరిశోధకులు అసలు అతికింపే చాలామందికి అనవసరమని, వట్టి డికంప్రెషన్ చేసినా ఫలితం అంతేనని 247 మందిలో చూపించారు. అలాంటప్పుడు అతికింపు కంటే మేలన్న మాట విలువ కొంత తగ్గుతుంది. ఈ రంగంలో ఏ అంకె కనబడినా ముందు అడగాల్సిన ప్రశ్న, దేనితో పోల్చి అన్నదే.

మిగతా తరహాలు

కదలికను పూర్తిగా ఆపకుండా అదుపు చేసేవాటిలో ఫ్రెంచి సర్జన్ జిల్ డుబ్వా 1994లో తెచ్చిన డైనెసిస్ ఒకటి. పూసల్లోకి స్క్రూలు ఎక్కించి, వాటి మధ్య లోహపు రాడ్డుకు బదులు పాలిస్టర్ తాడు, దాని చుట్టూ ప్లాస్టిక్ గొట్టం పెడతారు. ఎముకలో స్క్రూ వదులవడం దీని బలహీనత. అరిగిన ఫాసెట్ కీళ్లను తీసేసి వాటి స్థానంలో కదిలే కీలు అమర్చే టాప్స్ అనే పరికరానికి 2023లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. దానికి కోత పెద్దదే.

కృత్రిమ డిస్కు కథ ఇంకా పాతది. తూర్పు బెర్లిన్ షారిటే ఆసుపత్రిలో కర్ట్ షెల్నాక్, కారిన్ బ్యూట్నర్-యాంజ్ కలిసి తయారుచేసిన డిస్కును 1984లో మొదటిసారి మనిషికి అమర్చారు. కారిన్ 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన జిమ్నాస్టు. ఒంటిని విల్లులా వంచే క్రీడలోంచి వచ్చిన మనిషి నడుముకు కదిలే డిస్కును కనిపెట్టడంలో ఒక ఔచిత్యం ఉంది. ఈ డిస్కును కడుపు వైపు నుంచి, పెద్ద రక్తనాళాలను పక్కకు తప్పించి పెట్టాలి కాబట్టి చిన్నకోత పద్ధతుల్లో చేర్చలేం.

ఎముక గుల్లబారి కుంగిన పూసలోకి సూదితో సిమెంటు ఎక్కించే వర్టిబ్రోప్లాస్టీ 1984లో ఫ్రాన్సులోని అమియాన్‌లో మొదలైంది. 2009లో ఒకేసారి వెలువడ్డ రెండు అధ్యయనాల్లో, సిమెంటు ఎక్కించినట్టు నటించి వదిలేసినవాళ్లకూ అంతే ఉపశమనం దొరికింది. అప్పటి నుంచి రోగులను ఏరి ఏరి చేస్తున్నారు.

ఎవరికి పెట్టకూడదు

వెన్నుముళ్ల మధ్య పెట్టే పరికరం భారాన్నంతా ఆ సన్నటి ముళ్ల మీదే ఆనిస్తుంది. ముల్లు గట్టిగా లేకపోతే విరుగుతుంది. ముట్లుడిగి ఏళ్లు గడిచిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడం సాధారణం, స్టెనోసిస్ వచ్చేదీ ఆ వయసులోనే. అందుకని ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ చూడకుండా ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోవడం మంచిది కాదు. ఒక పూస మరోదాని మీంచి ముందుకు బాగా జారినా, నడుము పక్కకు వంకర తిరిగినా పనికిరాదు. నడుము చిట్టచివర, తుంటి ఎముకల మధ్యనున్న త్రికం దగ్గర ముల్లు చిన్నది, పరికరానికి ఆధారం దొరకదు. డిస్కు పగిలి నరం మీద పడ్డ యువకుడి సయాటికా నొప్పి కూర్చుంటే, వంగితే పెరుగుతుంది. పరికరం చేసేది నడుమును వంచి ఉంచడమే కాబట్టి అతనికి దీనితో పని లేదు. మూత్రం మీద అదుపు తప్పినా, కాలు పడిపోతున్నా ఏ ఇంప్లాంటు కోసమూ ఆగకుండా వెంటనే నరాల మీది ఒత్తిడి తీయించుకోవాలి.

తెలుగు నేలకు ప్రత్యేకమైన అడ్డంకి ఇంకొకటుంది. నీటిలోని ఫ్లోరైడ్ ఎముకలను పాడుచేస్తుందని మన దేశంలో మొదట గుర్తించింది ఇక్కడే. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో చూసిన రోగుల గురించి 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు రాశారు. తర్వాత నల్గొండ పేరు ఈ జబ్బుకు మారుపేరైపోయింది. ఫ్లోరోసిస్ ముదిరిన వెన్నెముకలో లిగమెంట్లు ఎముకగా మారతాయి, నరాల దారి పొడుగునా మూసుకుపోతుంది, నడుము కర్రలా బిగిసిపోతుంది. హైదరాబాదులో నిమ్స్‌కు డైరెక్టరుగా పనిచేసిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ రోగుల నరాల ఇబ్బందులను ఏళ్ల తరబడి అధ్యయనం చేసి రాశారు. ఎముకలా గట్టిపడ్డ ముళ్ల మధ్య పొరను ఏ పనిముట్టూ తెరవలేదు, వంచినా వంగని నడుముకు వంపు ఇవ్వడం కుదరదు. కాబట్టి ఫ్లోరైడ్ ఊళ్ల నుంచి వచ్చిన స్టెనోసిస్ రోగికి దారి డికంప్రెషనే. పశ్చిమ దేశాల కరపత్రాల్లోని అర్హతల జాబితాలో ఈ సంగతి కనబడదు. ఇక్కడి సర్జన్లకు మాత్రం అది కళ్లెదుట ఉన్న సంగతి.

అర్హులైనవాళ్లకు కూడా ఇంప్లాంటు మొదటి మెట్టు కాదు. నడుమును ముందుకు వంచే వ్యాయామాలు, పొట్ట కండరాల బలం, బరువు తగ్గడం, సైకిలు, నొప్పి మాత్రలు, అవసరమైతే ఒకటి రెండు ఇంజెక్షన్లు. ఇవి మూడు నుంచి ఆరు నెలలు నిజంగా చేశాకే ఆపరేషన్ మాట రావాలి. చాలామందికి ఈ జబ్బు ఏళ్ల తరబడి ముదరకుండా అలాగే ఉండిపోతుంది.

విశాఖలో తయారీ

ఈ పరికరాలకు కావాల్సిన లోహం మూలం పద్మనాభానికి కూతవేటు దూరంలోనే ఉంది. ఆ మండలం పక్కగా పారే గోస్తని భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడి తీరపు ఇసుకలో టైటానియం ఖనిజమైన ఇల్మనైటు ఉంది. ఇసుక నుంచి ఇంప్లాంటు దాకా దారి మాత్రం చాలా పొడుగు. ఖనిజాన్ని లోహంగా, లోహాన్ని అల్యూమినియం, వనేడియం కలిసిన మిశ్రమంగా మార్చాలి. 1973లో హైదరాబాదులో ఏర్పడ్డ మిధాని టైటానియం మిశ్రమాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ. ఒంట్లో అమర్చే పరికరాలకు పనికొచ్చే రకాలు కూడా అక్కడ తయారవుతాయి.

మనకు తక్కువగా ఉన్నది లోహం కంటే పరీక్ష. ఒంట్లో ఏళ్ల తరబడి ఉండే ముక్క ఎన్ని లక్షల సార్లు నొక్కుడు పడ్డా విరగకూడదు. పూసలను అతికించే స్క్రూలూ రాడ్లను అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం 50 లక్షల సార్లు నొక్కి చూస్తారు. అరుగుదల పొడి కణజాలాన్ని రెచ్చగొట్టకూడదు. టైటానియం బిగువు ఎముక కంటే చాలా ఎక్కువ కాబట్టి గుల్ల ఎముకలోకి అది దిగబడొచ్చు. అందుకే తర్వాతి పరికరాల్లో టైటానియం కంటే మెత్తనైన పీక్ అనే ప్లాస్టిక్‌ను వాడారు. విశాఖ ఉక్కు కర్మాగారం వైపున, పెదగంట్యాడ దగ్గర 270 ఎకరాల్లో 2018 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఈ లోటును పూడ్చడానికి పుట్టింది. త్రీడీ ప్రింటింగ్, గామా కిరణాలతో క్రిమిశుద్ధి, ఒంట్లో పెట్టే పదార్థాల పరీక్షల వంటి సదుపాయాలను ఒకే ఆవరణలో ఇచ్చి, చిన్న తయారీదార్లకు సొంత యంత్రాల ఖర్చు తప్పించడం దాని పద్ధతి.

2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న వైద్య పరికరాల నిబంధనలు పరికరాలను ప్రమాదాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించాయి. ఒంట్లో శాశ్వతంగా ఉండే ఇంప్లాంట్లు పై తరగతుల్లో పడతాయి, తయారీకైనా దిగుమతికైనా లైసెన్సు కావాలి. 2017లో గుండె స్టెంట్లకూ మోకాలి ఇంప్లాంట్లకూ కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టినప్పుడు రోగులకు దక్కిన మేలు అందరూ చూశారు. వెన్నెముక రోగి కూడా బిల్లులో ఇంప్లాంటు ధరను విడిగా చూపించమని అడగవచ్చు, అడగాలి.

ఇంకో చిన్న కాగితం సంగతి. ప్రతి ఇంప్లాంటు పెట్టె మీదా తయారీదారు, మోడలు, సైజు, బ్యాచి నంబరు ఉన్న స్టిక్కర్లు వస్తాయి. థియేటరులో ఒకటి కేస్‌షీటు మీద అంటిస్తారు. రెండోదాన్ని డిశ్చార్జి సమ్మరీ మీద అంటించి ఇవ్వమని రోగి బంధువులు అడగాలి. ఎక్స్-స్టాప్ పెట్టించుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు, ఆ పరికరం మార్కెట్లో లేదు. పదేళ్ల తర్వాత ఎమ్మారై తీయాలన్నా, పరికరాన్ని తీసేసి డికంప్రెషన్ చెయ్యాలన్నా లోపలున్నది ఏ ముక్కో కొత్త డాక్టరుకు తెలియాలి. అతికించిన పూసను మళ్లీ విడదీయలేరు, వెన్నుముళ్ల మధ్య పెట్టిన ముక్కను తీయడం మాత్రం సాధ్యమే. ఆ అవకాశం అక్కరకు రావాలంటే ఆ స్టిక్కరు ఇంట్లో రేషను కార్డు పక్కన భద్రంగా ఉండాలి.